గొడవ చెయ్యని మేనమామ

మేనకోడలి పెళ్లికి తన బదులు తన కాంతిబొమ్మ హాజరవుతుందని కోదండపాణికి ఆ ఉదయమే తెలిసింది. కాకినాడలో ఇప్పుడు పెళ్లిళ్లన్నీ ఏర్పాట్ల యంత్రమే నడిపిస్తోంది. కుటుంబమంతా హాయిగా గడపాలంటే ఎవరు స్వయంగా రావాలో, ఎవరికి బదులు బొమ్మ రావాలో అదే నిర్ణయిస్తుంది.

గోడమీద ఆయన బొమ్మ పట్టుపంచె కట్టుకుని, పురోహితుడికి వినయంగా చేతులు జోడిస్తోంది. దాని పక్కనే తొంభైమూడు అన్న అంకె వెలుగుతోంది. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించి రిటైరైన కోదండపాణికి ఒళ్లు మండిపోయింది.

“దీనికి నువ్వు ఒప్పుకున్నావా అక్కా?”

“ఏం చెయ్యమంటావురా?” అంది సుభద్ర. “ప్రతి పెళ్లిలోనూ ముహూర్తం ఏ గడియారం ప్రకారమని పంతులుగారి మీదకి వెళ్తావు. నువ్వొస్తే వందకి తొంభైమూడు పాళ్లు గొడవ ఖాయమట.”

“జరగని గొడవకి నాకు శిక్షా? ఏ ప్రయోగం చేసి తేల్చింది ఆ యంత్రం? పిల్లని గంపలో మేనమామ కదే మోసుకురావాలి! ఆ బొమ్మ ఎలా మోస్తుంది?”

“గంపకి మోటారు పెడతారట.”

ఇంతలో పెళ్లికూతురు హిమజ గదిలోంచి విసురుగా వచ్చి, బొమ్మను ఎగాదిగా చూసింది.

“ఎవరమ్మా ఈయన? ఎదురు ప్రశ్న వెయ్యని మావయ్య నాకెవరూ లేరే!” అంటూ మూలనున్న వెదురుగంపలో ఎక్కి కూర్చుంది. “ఎత్తు మావయ్యా. మోయగలవో లేదో ఇప్పుడే ప్రయోగం చేద్దాం.”

కోదండపాణి వంగి గంప అంచు పట్టుకున్నాడు.

“రెండోవైపు నువ్వు పట్టు అక్కా.”

గోడమీద అంకె తొంభైయేడుకి పెరిగింది. సుభద్ర అటు చూడకుండా కొంగు దోపుకుంది.