షట్టరు మీద సిలువ

తెల్లారేసరికి సిడ్నీలో అరబ్బీ బోర్డున్న మా దుకాణం షట్టరు మీద పెద్ద ఎర్ర సిలువ, దాని కింద ముస్లింల మీద క్రైస్తవులు చేసిన క్రూసేడు యుద్ధాల నాటి నినాదం. నిన్న సిలువ గుర్తు డాళ్లు పట్టుకుని "అరబ్బులూ, పొండి" అని ఊరేగినవాళ్ల పనే.

థిన్నరు పోసి తుడుస్తుంటే అమ్మ పరుగున వచ్చింది.

"ఆగరా బిషోయ్! ఈజిప్టులో గుమ్మానికి సిలువ పెట్టుకున్నామనేగా మన కొట్టు తగలబెట్టారు? ఇక్కడివాళ్లు చూడు, వాళ్లే వేసి వెళ్లారు!"

ఇంకా ఆరని సిలువని తాకి వేళ్లు ముద్దుపెట్టుకుంది. పెదాలకి ఎర్రరంగు అంటుకుంది.

"కింద ఏం రాశార్రా?" అమ్మకి ఆ అక్షరాలు రావు.

"'ఇది దేవుడి ఇష్టం' అని."

"మరి తుడుస్తావేంరా, బుద్ధిలేనోడా? ఈసారి వస్తే లోపలికి పిలిచి టీ ఇవ్వు. మళ్లీ వస్తారంటావా?"

థిన్నరు డబ్బాకి మూత పెట్టాను.

"వస్తారమ్మా. తప్పకుండా వస్తారు."