ఉత్తరం చూసే తాబేలు

పక్కింటి కళ్యాణి రమ్మంటే వెళ్ళేసరికి వాళ్ళ తాబేలు కదలడం లేదు. కళ్ళు ఉబ్బాయి, డిప్ప మెత్తబడింది. తల ఎప్పుడూ ఉత్తరానికే ఉండాలని, తిరగడానికి వీల్లేని ఇరుకు గాజు గిన్నెలో పెట్టారు.

“మా అబ్బాయికి మస్కట్ వీసా వచ్చేదాకా కదపకూడదండీ. ఉత్తరం చూస్తుంటే కలిసొస్తుంది,” అన్నారు కళ్యాణి అత్తగారు.

వీసా వచ్చేలోగా అది పోయేలా ఉంది. కిందటి వారం దాన్ని చూసినప్పుడే బెంగపడి, అమలాపురంలో పశువుల డాక్టరుగారిని అడిగి, ఆయన చెప్పినవన్నీ అంకెలు వేసి రాసుకున్నాను. ఆ కాగితం తీశాను.

“మా సిద్ధాంతిగారు చెప్పేరండీ. ఉత్తరం చూడాల్సింది ఇత్తడి తాబేలట. ప్రాణమున్న దానికి పొద్దుటెండ తగలాలట. ఈదడానికి పెద్ద తొట్టి, ఎక్కి కూర్చోడానికి రాయి, తినడానికి ఆకుకూర, చిన్న రొయ్యలు. ఇవి లేకపోతే ఇంటికే అరిష్టమట.”

ఆవిడ కంగారుపడిపోయారు. “అమ్మాయ్, పెరట్లో తొట్టి కడుగు!”

“ఆయ్, అత్తయ్యగారూ!” కళ్యాణి అప్పటికే గిన్నె ఎత్తేసింది.

తొట్టిలో దింపగానే తాబేలు ముందు దక్షిణానికి తిరిగింది. అదృష్టం కొద్దీ ఆవిడ రాయి కోసం వెతుకుతున్నారు.

నన్ను సాగనంపుతూ కళ్యాణి గేటు దగ్గర గొంతు తగ్గించింది.

“మీ సిద్ధాంతిగారు నాకూ ఇదే చెప్పేరండీ, మొన్న పశువుల ఆసుపత్రిలో. నేను చెబితే మా అత్తయ్యగారు వినరు. అందుకే మిమ్మల్ని రమ్మన్నాను. మీరైతే అబద్ధమైనా పద్ధతిగా ఆడతారు కదండీ!”