దుంగ కింద నలికిరి

నడిసముద్రంలో ఒక చిన్న దీవి. అక్కడి మొగలిపొదల్లో పుచ్చిన దుంగ ఒకటి, దాని కింద ఒక నలికిరి. కాళ్లున్నా పామనే అనిపించుకునే జీవి. ఎప్పుడో గాలివానకు ఆ దుంగ మీదే తన పెద్దలు అవతలి ఒడ్డు నుంచి కొట్టుకొచ్చారని దాని నమ్మకం. అక్కడ తనవాళ్లు ఇంకా ఎవరైనా ఉన్నారా, తనలాగే నున్నగా మెరుస్తారా అని ఒకటే బెంగ. అన్ని ఒడ్లూ తిరిగే తాబేలును అడగాలని ఏడాదంతా కాచుకుంది.

ఒక సాయంత్రం తాబేలు రానే వచ్చింది. నలికిరి పరుగున ఎదురెళ్లింది. కానీ తాబేలే ముందు నోరు తెరిచింది.

"చెల్లీ, పోయినేడు ఇక్కడ గుడ్లు పెట్టి వెళ్లాను. పిల్లలు బయటికొచ్చారా?"

"వచ్చారక్కా. గుప్పెడంత లేరు గానీ అందరిదీ నీ మూతే."

తాబేలు ఇసుక తవ్వబోయి ఆగింది.

"నా కోసం అడిగారా?" అంది.

పిల్లలు ఎవరినీ అడగలేదు. ఇసుక దులుపుకుని నేరుగా నీళ్లలోకి ఉరికారు. నలికిరి తాబేలు కళ్లలోకి చూసింది.

"అడిగారు. అమ్మ సముద్రంలో ఉంది, వెళ్లండి అన్నాను. అందుకే అంత పరుగున పోయారు."

తాబేలు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఎన్నడూ లేనంత తొందరగా నీళ్లలోకి దిగింది.

అది కనుమరుగయ్యాక గానీ నలికిరికి తను అడగాలనుకున్న మాట గుర్తుకు రాలేదు. దుంగెక్కి చాలాసేపు అలల వైపు చూసింది.

"మావాళ్లూ నా కోసం అడిగే ఉంటారు" అనుకుని, మెల్లగా దుంగ కిందికి దూరింది.