స్తెఫనుకు నచ్చని స్టాండ్లు

“ఇది పనికిరాదు బిడ్డా,” అన్నాడు స్తెఫను, ఒళ్లోని నల్ల సంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కుంటూ.

కూతురు స్తుతికి ఒళ్లు మండింది. పోటీ మొదలు కావడానికి ఇంకా పావుగంటే ఉంది. బూర్గంపాడు దాటాక జామాయిల్ తోట పక్కనున్న రైఫిల్ క్లబ్బులో ఆ రోజు రాష్ట్ర పోటీలకు ఎంపిక. బోర్లా పడుకుని, యాభై మీటర్ల అవతలున్న అట్ట మీద ఇరవై షాట్లు కొట్టాలి. రెండు వందలకు నూట ఎనభై అయిదు వస్తేనే పై మెట్టు. అంత దూరంలో పడ్డ చిల్లు ఒట్టి కంటికి ఆనదు. తల పక్కనే స్టాండు మీద స్కోపు, అంటే చిన్న దుర్భిణి, ఉంటే, పడుకున్న చోటు నుంచే ఒక కన్ను అందులో పెట్టి చూసుకోవచ్చు. స్తుతి స్టాండు మెడ నిన్నటి ప్రాక్టీసులో విరిగిపోయింది. అందుకే ఈ వెతుకులాట. స్కోపు ఉండే నల్ల సంచీని ఇంటి నుంచి తెచ్చే పని తండ్రిది.

పక్క లేన్‌లో కొట్టబోతున్న అటవీ శాఖ బీట్ ఆఫీసర్ సరళ తన కెమెరా స్టాండు తెచ్చి పెట్టింది. స్తెఫను ఇప్పుడు కాదన్నది దాన్నే.

“ఎందుకు పనికిరాదు అంకుల్?” అంది సరళ.

“నిలబడి ఫొటోలు తీసెటోళ్లది గిది. పడుకున్న పిల్ల కంటికి ఎట్ల అందుతది?”

“కాళ్లు పొట్టిగ చెయ్యొచ్చు.”

“చేస్తే ఊగుతది.”

అట్టలు మార్చే బొజ్జయ్య ఈ మాటలు విని, తోట గట్టు మీది పొదలోంచి వెదురు కొట్టుకొచ్చాడు. అయిదు నిమిషాల్లో మూడు కాళ్లు దిగ్గొట్టి, పైన పంగ చెక్కి, నారతో బిగించి ఇచ్చాడు. స్తుతి చేత్తో ఊపి చూసింది. రాయిలా ఉంది.

“వెదురు ఎండకు సాగుతది,” అన్నాడు స్తెఫను.

బొజ్జయ్య కత్తిని మొలలో దోపుకున్నాడు. “మా ఇంటి వాసాలు ముప్పై ఏండ్ల సంది ఎండకే ఉన్నయి సారు. ఇంక సాగలే.”

అప్పుడే, స్తుతి ఫోన్ చేసి అడిగిన చర్చి కుర్రాడు బెన్నీ బండి మీద వచ్చి, చర్చిలోని మైకు స్టాండు దించాడు. అడుగున బరువైన ఇనుప పళ్లెం, ఎటు కావాలంటే అటు తిరిగే చెయ్యి. స్తుతి చాప మీద పడుకుని ఆ చేతిని వంచింది. అది సరిగ్గా కంటి దగ్గరికి వచ్చి ఆగింది.

“నాకోసమే చేసినట్టుంది డాడీ. స్కోపు ఇయ్యి, బిగిస్త.”

“మందిరం సామాను తుపాకి పక్కన పెడితే పాస్టర్ గారికి ఏం జవాబు చెప్పాలె?”

“పాస్టర్ గారే ఇచ్చి పంపిండు అంకుల్,” అన్నాడు బెన్నీ.

స్తెఫను కాలి బొటనవేలితో పళ్లాన్ని నెట్టి చూశాడు. “అయితే... గా పళ్లెం చాప మీద జారుతది.”

“డాడీ, అసలు నీకేం స్టాండు కావాలె?”

ఆయన జవాబు చెప్పేలోపే రేంజ్ ఆఫీసర్ విజిల్ ఊదాడు. స్తుతి మొహం పాలిపోయింది. స్తెఫను గబగబా ఆమె చెవి దగ్గర వంగాడు.

“నేను నీ వెనకనే కూసుంట. స్కోపుల నేను చూస్త. మాట్లాడనియ్యరు గద, నీ బూటు మడమ మీద తడ్త. ఒక్కసారి తడితే పది. రెండుసార్లయితే తొమ్మిది.”

“కుడికి పోయిందా, ఎడమకు పోయిందా, ఎట్ల తెలుస్తది?”

“తొమ్మిది పడ్డప్పుడు గద గా సంగతి.”

ఇక చేసేదేం లేక స్తుతి రైఫిల్ భుజానికి ఆనించింది. మొదటి షాట్ కొట్టి, ఊపిరి బిగబట్టి ఆగింది. మడమ మీద ఒక్క తట్టు. రెండోదానికీ ఒక్కటే. మూడో దానికి చెయ్యి కాస్త కదిలినట్టే అనిపించింది కానీ, మళ్లీ ఒక్కటే. మామూలుగా అయితే ఈపాటికి స్కోపులో చూసి, రైఫిల్ మీద గురి సరిచేసే మర నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పేది. ఇప్పుడు తిప్పే పనే పడలేదు. పదో షాట్ దాటాక తట్టు కోసం ఎదురుచూడటం కూడా మానేసింది. గాలి, ఊపిరి, నల్ల చుక్క, అంతే.

ఇరవయ్యో షాట్‌కూ ఒక్క తట్టే పడింది.

బొజ్జయ్య అట్ట తెచ్చి ఇచ్చాడు. రేంజ్ ఆఫీసర్ రెండుసార్లు లెక్కపెట్టాడు. “నూట ఎనభై ఏడు. సెలెక్ట్ అయినవమ్మా.”

సరళ వచ్చి వాటేసుకుంది. స్తుతి ఇంతకు ముందెప్పుడూ నూట ఎనభై దాటలేదు. కానీ ఆమె చూపు అట్ట మీదే ఉంది. పదులు ఎనిమిదే. తొమ్మిదులు పదకొండు. ఒకటి ఎనిమిది.

“డాడీ, ఇరవైసార్లూ ఒక్కటే తట్టినవ్.”

“అవ్.”

“ఎనిమిది పడ్డదానికి గూడ.”

స్తెఫను తల వంచుకున్నాడు. “చెప్తే నువ్వు మర తిప్పుతవ్ బిడ్డా. ఒక తొమ్మిది కానొస్తే చాలు, మర తిప్పి తిప్పి ఏడుకు తీస్కపోతవ్. రెండేండ్ల సంది చూస్తలేనా? నీ చెయ్యి మంచిగనే ఉంది. నువ్వే దాన్ని నమ్మవు.”

స్తుతి అట్ట పక్కన పెట్టింది. పొద్దున్నుంచీ ఈయన మీద ఎంత విసుక్కుంది. స్టాండ్లన్నీ వద్దన్నది ఇందుకా. కళ్లు తుడుచుకుని, తండ్రి పక్కన కూర్చుంది.

“రాష్ట్ర పోటీలల్ల నిన్ను వెనక కూసోనియ్యరు గద. ఇగ మర ముట్టుకోను, ఒట్టు. గీ మైకు స్టాండుకు స్కోపు సరిపోతదో లేదో చూద్దాం, ఇటియ్యి.”

“ఇంటికి పోయినంక చూద్దాం లే.”

“ఒక్క నిమిషం డాడీ,” అంటూ ఆయన ఒళ్లోంచి నల్ల సంచీ లాక్కుని జిప్పు తీసింది.

లోపలున్నది స్కోపు కాదు, స్టీలు ఫ్లాస్కు; మూత తిప్పగానే, పొద్దున అమ్మ పోసిచ్చిన అల్లం చాయ్ గుప్పున పొగలు కక్కింది.