కుర్చీ చప్పుడు

"నీ కుర్చీ చప్పుడుకి నా బుర్ర బద్దలవుతోందమ్మా!" అంటూ కింది ఫ్లాటు పెద్దాయన రోజూ సాయంత్రం మెట్లెక్కి వచ్చి మరీ నన్ను దులిపేస్తాడు. ఇంత పెద్ద బిల్డింగులో నా బెల్లు నొక్కే మహానుభావుడు ఆయనొక్కడే.

నిన్న తనే రబ్బరు తొడుగులు కొనుక్కొచ్చి, నేల మీద చతికిలబడి నా కుర్చీ కాళ్లకి తొడిగాడు. "పీడ విరగడైంది. ఇక నీ గడప తొక్కను" అని యుద్ధం గెలిచినవాడిలా దిగిపోయాడు.

ఇవాళ ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో! అచ్చం శ్మశానమే.

సాయంత్రం బెల్లు మోగింది.

"ఏమ్మా, చప్పుడే లేదు, బతికే ఉన్నావా?" అన్నాడు పెద్దాయన ఆయాసపడుతూ.

"మీ తొడుగుల పుణ్యమా అని నిక్షేపంలా ఉన్నానండీ."

"చవక సరుకు. నాలుగు రోజుల్లో ఊడిపోతాయిలే."

చేతిలో పట్టకారు వెనక్కి దాచుకుంటూ, "అప్పుడే మూడు ఊడాయండీ" అన్నాను.