ఎదుటివాళ్ల వైపు

జూన్ 18, గురువారం. రెండు బకెట్ల బట్టలు ఉతికాను, ఏడు చొక్కాలు ఇస్త్రీ చేశాను, ఫ్యాన్లు తుడిచాను. ఇక తేలాల్సింది తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయితో తగవు. బడికి సైకిల్ మీద వెళ్తానంటుంది, నేను వద్దంటాను.

"మా సోషల్ టీచర్ నేర్పినట్టు వాదిద్దామమ్మా. నీ మాట నేను చెప్తా, నా మాట నువ్వు చెప్పు. 'అవును, నేననేది అదే' అని ఎదుటివాళ్లు ఒప్పుకునేదాకా ఆపకూడదు."

నడుం మీద చేతులు పెట్టుకుని తనే మొదలెట్టింది. "లారీలు తిరిగే రోడ్డే తల్లీ! నువ్వు ఇంటికొచ్చేదాకా నా ప్రాణం గుమ్మంలోనే ఉంటుంది."

"అవును, నేననేది అదే," అన్నాను నవ్వాపుకోలేక.

"ఇక నీ వంతు. కానీ!"

గొంతు సవరించుకున్నాను. "పక్క సందులోంచి వెళ్తాను. పెద్ద మలుపు దగ్గర దిగి నడిపించుకుంటూ పోతాను. నాకు భయం లేదు. భయమంతా మీది. ఒక్కసారి నమ్మి చూడండి, నాన్నగారూ."

అమ్మాయి తెల్లబోయింది. "నాన్న సరేనన్నాడుగా! వద్దన్నది నువ్వు. ఎవర్ని అడుగుతున్నావమ్మా?"

"మీ తాతయ్యని. నీ వయసులో సైకిల్ వద్దంటే నోరెత్తకుండా ఊరుకున్నాను."

సాయంత్రం ఇద్దరం వెళ్లి సైకిల్ టైర్లకి గాలి కొట్టించాం. మా నాన్నగారికి ముప్పై ఏళ్లుగా బాకీపడ్డ జవాబు ఈ రోజుతో చెల్లు.