సద్ది తెచ్చిన మిషను

నా మణికట్టుకున్న, ఒంటి బాగోగులు చూసే పట్టీ ఎర్రబడిందంటే కీళ్ళు వాచాయని ఊరంతటికీ తెలిసిపోతుంది. వెంటనే పక్క చేలలోంచి ఎవరిదో ఒక కలుపు మిషను దానంతటదే, నా చేతులకు బదులుగా, మా మిషనుకు తోడుగా మా మిరప చేలోకి దిగుతుంది. ఒకప్పుడు మనుషులు ఒకరి చేలోకి ఒకరు బదులు పనికి వెళ్ళినట్టే, ఇప్పుడు మిషన్లు వెళ్తున్నాయి. వాటికి ఆకలి లేకపోయినా, పనికొచ్చినదాన్ని ఉత్తినే పంపకూడదని కొక్కేనికి సద్ది కేరేజీ కట్టి పంపడం మా ఊరి పద్ధతి.

మూడేళ్ళుగా వాచిన వేళ్ళతో నేను కట్టి పంపడమే. ఎర్ర పట్టీ వాళ్ళ మిషన్ని ఎవరూ పిలవరు. నాది నెలలో సగం రోజులు ఎరుపే; పచ్చబడిన రోజుల్లో ఎవరికీ నా మిషనుతో అవసరం పడలేదు. ఊరి మీద పడి బతుకుతున్నానన్న బాధ కీళ్ళ నొప్పికన్నా ఎక్కువగా సలిపేది.

ఈ ఉదయం కొట్టంలో మా మిషను లేదు.

"ఎవరో ఎత్తుకుపోయారండీ!" అని అరిచాను.

మా ఆయన నా మణికట్టు చూపించాడు. "నాలుగు రోజులుగా పచ్చగానే ఉందిగా. పక్క చేను ఖాసింబీకి జ్వరమట. నీ మిషన్ని పిలిచారు."

సాయంత్రం అది మట్టి కొట్టుకుని వచ్చింది. కొక్కేనికి కేరేజీ వేలాడుతోంది. మూత నా వేళ్ళతో నేనే తీశాను. జొన్నరొట్టె, గోంగూర పప్పు. జ్వరం నోటితో వండిందేమో, పప్పు ఉప్పు కషాయం.

"పారేసి వేరే వండనా?" అన్నాడాయన.

"ముట్టుకున్నారంటే ఊరుకోను. అది నేను పనికెళ్ళి తెచ్చుకున్న సద్ది," అని గిన్నె అడుగు నాకి మరీ తిన్నాను.